పెన్సిలు గీతలు ఎక్కడున్నాయో చూడండి

ప్రశ్న: నా వయసు 47 ఏళ్లు. విశాఖపట్నం సీతమ్మధారలో ఉంటాము. బ్యాంకు ఉద్యోగం. 1999లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్నప్పుడు జె.డి. శాలింజర్ రాసిన ‘ది క్యాచర్ ఇన్ ది రై’ నవలను ప్రాణంగా చదువుకున్నాను. అందులోని హోల్డెన్ కాల్‌ఫీల్డ్ అనే కుర్రవాడు లోకంలో వాళ్లందరినీ బూటకపు మనుషులని తిడుతుంటే, నా మనసులో మాటే అంటున్నాడనిపించి, అలాంటి ప్రతి వాక్యం కిందా పెన్సిలుతో గీత గీశాను. మొన్న అటక సర్దుతుంటే ఆ ప్రతి దొరికింది. హుద్‌హుద్ తుపానులో తడిసి అట్ట ఉబ్బిపోయింది గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. మళ్లీ చదివితే ఒళ్లు మండింది. తండ్రి లాయరు, ఇంట్లో డబ్బుకు లోటు లేదు, ఒక బడి కాకపోతే ఇంకో బడి. అయినా ఎవరినీ మెచ్చని మనిషి. ఆ పట్టునే గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ కూడా తీశాను. డిగ్రీ రోజుల్లో సీతారామారావు కోసం కన్నీళ్లు పెట్టుకున్నాను. ఈసారి అతను భార్యను పెట్టే బాధ చూడలేక సగంలోనే మూసేశాను.

మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నిరుడు హాస్టలు వదిలేసి మధ్యలోనే ఇంటికి వచ్చేశాడు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు. నేను బల్ల మీద వదిలిన ఆ ఇంగ్లీషు నవలను రెండు రోజుల్లో చదివి, ‘అమ్మా, వీడు అన్నదాంట్లో తప్పేముంది?’ అన్నాడు. ‘కూర్చోబెట్టి మేపుతుంటే అందరిలోనూ తప్పులే కనిపిస్తాయి’ అన్నాను. వాడు పుస్తకం మూసి లోపలికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి అవసరానికి మించి మాట్లాడడం లేదు. అప్పటి నా ఇష్టం తెలివితక్కువతనమా? లేక వయసుతో నా మనసు బండబారిందా? ఇలాంటి పుస్తకం వాడి చేతికి అందనివ్వడం తప్పా?

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నా చూపు పెన్సిలు గీతల దగ్గర ఆగిపోయింది. ఇరవై ఒకటో ఏట మీరు ఏ వాక్యాలను ప్రేమించి గీతలు గీశారో, నలభై ఏడో ఏట సరిగ్గా ఆ వాక్యాల దగ్గరే మీకు ఒళ్లు మండింది. ఈ పాతికేళ్లలో మీ తీర్పు మారింది, చూపు మాత్రం మారలేదు. అప్పుడూ ఇప్పుడూ మీరు విన్నది హోల్డెన్ గొంతు పెంచి అన్న మాటలనే. అవి మీకు నచ్చిన రోజున అతను వీరుడయ్యాడు, నచ్చని రోజున తిన్నది అరగని పిల్లవాడయ్యాడు. అతను గొంతు తగ్గించి చెప్పిన సంగతులు ఆ నవలలో చాలా ఉన్నాయి. మీ ప్రతిలో వాటి కింద గీతలు ఉన్నాయో లేదో ముందు చూడండి. నా ప్రతిలో లేవు. నేను ఇరవై ఎనిమిదేళ్లు డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని, నా గీతలు కూడా అన్నీ తిట్ల కిందనే ఉన్నాయి.

అయిదో అధ్యాయం తీయండి. గదిలో ఉండే స్నేహితుడు తన బదులు ఒక వ్యాసం రాసిపెట్టమని హోల్డెన్‌ను అడుగుతాడు. ఏదైనా ఒక గదినో ఇంటినో వర్ణిస్తే చాలు అంటాడు. హోల్డెన్‌కు రాయడానికి ఏ గదీ తోచదు. తమ్ముడు ఆలీ వాడిన తోలు తొడుగు గుర్తుకొస్తుంది. బేస్‌బాల్ ఆటలో బంతి పట్టుకోవడానికి ఒక చేతికి తొడుక్కునే గ్లవ్ అది. ఆలీది ఎడమచేతి వాటం. మైదానంలో నిలబడి బంతి కోసం ఎదురుచూసే వేళల్లో చదువుకోవడానికి ఏదైనా ఉండాలని, ఆ తొడుగు వేళ్ల మీదా అరచేతి మీదా ఆకుపచ్చ సిరాతో పద్యాలు రాసుకున్నాడు. ఆ తమ్ముడు 1946 జూలై 18న లుకీమియాతో చనిపోయాడు. అప్పటికి హోల్డెన్‌కు పదమూడేళ్లు, ఆలీకి పదకొండు. ఆ రాత్రి హోల్డెన్ గ్యారేజీలో పడుకుని, అక్కడి కిటికీ అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. ఇప్పటికీ వాన పడితే ఆ చెయ్యి నొప్పి పెడుతుందనీ, పిడికిలి గట్టిగా బిగుసుకోదనీ ఒక మాట అనేసి, అదేమంత పెద్ద సంగతి కాదన్నట్టు వేరే విషయంలోకి వెళ్లిపోతాడు. వ్యాసం తీసుకున్న స్నేహితుడు ‘గది గురించి రాయమంటే గ్లవ్ గురించి రాస్తావేమిటి’ అని విసుక్కుంటాడు. హోల్డెన్ ఆ కాగితాలను చించి పారేస్తాడు.

ఇరవై ఒక్కేళ్ల పాఠకురాలికి ఈ అధ్యాయం ఎందుకు పట్టలేదో నాకు తెలుసు. ఆ వయసులో మనకు కావలసింది పోట్లాటలో తోడు వచ్చే మనిషి. పెద్దవాళ్ల మీద, పెళ్లిచూపుల మీద, మార్కుల మీద మనం అనలేని మాటలను పుస్తకంలో ఒకడు అంటున్నాడు. చచ్చిపోయిన తమ్ముడి చేతి తొడుగు ఆ పోట్లాటకు పనికిరాదు. మరి నలభై ఏడేళ్లకూ పట్టకపోవడానికి కారణం వేరు. ఇప్పుడు మన ఇంట్లోనే ఒక పదిహేడేళ్ల కుర్రవాడున్నాడు. అతని నోటి నుంచి వచ్చే ప్రతి ఎదురుమాటా మనకు ఫీజుల లెక్కలా, ర్యాంకుల భయంలా వినిపిస్తుంది. ఆ చెవితోనే పుస్తకాన్నీ వింటాము. మీకు కోపం తెప్పించింది న్యూయార్క్ కుర్రవాడు కాడని నా నమ్మకం. మీరు ‘కూర్చోబెట్టి మేపుతుంటే’ అన్న మాట హోల్డెన్ చెవిన పడేది కాదు గదా.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. రెండో అధ్యాయంలో స్పెన్సర్ అనే ముసలి చరిత్ర ఉపాధ్యాయుడు ఉంటాడు. బడి నుంచి పంపేసిన హోల్డెన్ సెలవు తీసుకోవడానికి ఆయన ఇంటికి వెళతాడు. జలుబు జ్వరంతో దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆ పెద్దమనిషి, ఆ కుర్రవాడు ఈజిప్టు గురించి రాసిన పరీక్ష కాగితాన్ని తీసి, అతని ముందే పైకి చదువుతాడు. రాసింది కొద్ది వాక్యాలు. కింద ఉపాధ్యాయుడికి ఒక చిన్న విన్నపం: మీ పాఠాలు బాగున్నాయి గానీ నాకు వాటి మీద ఆసక్తి కలగలేదు, నన్ను తప్పించినా ఫరవాలేదు, ఇంగ్లీషు తప్ప మిగతావన్నీ ఎలాగూ తప్పుతున్నాను, అని. ఆ మాటలను కూడా స్పెన్సర్ వదలకుండా చదివి వినిపిస్తాడు. విద్యార్థిగా ఉన్నప్పుడు నేను స్పెన్సర్‌ను అసహ్యించుకున్నాను. పాఠం చెప్పే రోజుల్లో, ఆయన మంచివాడే, పిల్లవాడు బాగుపడాలని చేశాడు అనుకున్నాను. ఆ రోజుల్లోనే రెండో సంవత్సరం డిగ్రీ విద్యార్థి ఒకడు వ్యాసం ప్రశ్నకు నాలుగు వాక్యాలు రాసి, కింద తెలుగులో ‘ఇంతకన్నా నాకు రాదు మేడం, క్షమించండి’ అని రాశాడు. నేను ఆ కాగితాన్ని తరగతిలో పైకి చదివాను. అందరూ నవ్వారు. అతను లేచి వచ్చి కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ సంవత్సరమంతా హాజరు పిలిస్తే పలికాడు గానీ నా వంక తలెత్తి చూడలేదు. అప్పటికి ఆ నవలను నేను రెండుసార్లు చదివినదాన్నే. ఉద్యోగ విరమణ తరువాత మూడోసారి చదివినప్పుడు గానీ ఒక సంగతి కనబడలేదు: తాను తప్పుతున్న పరీక్షలో, తనను తప్పించబోయే మాస్టారు బాధపడకూడదని జాగ్రత్త పడిన పిల్లవాడు అతను. అందరినీ బూటకమని తిట్టిన మనిషే ఆ రెండు వాక్యాలూ రాశాడు.

పెద్దయ్యాక మళ్లీ చదవడంలోని లాభం ఇదేనని నేను నమ్ముతున్నాను. చిన్నప్పుడు మనం పాత్ర పక్కన నిలబడి చదువుతాము, పెద్దయ్యాక పాత్రకు ఎదురుగా కూర్చుని చదువుతాము. ఎదురుగా కూర్చున్నవాళ్లకు పక్కన నిలబడ్డవాళ్లకు కనిపించనిది కనిపించాలి. లేకపోతే ఆ స్థానం తీర్పు చెప్పడానికి తప్ప దేనికీ అక్కరకు రాదు. ఈ నవలలో కథ చెబుతున్నవాడికి పదిహేడేళ్లు. ఏడాది కిందటి సంగతులు చెబుతున్నాడు. ఎక్కడి నుంచి చెబుతున్నాడో మొదటి పేజీల్లోనే ఉంది: కాలిఫోర్నియాలో, చికిత్స పొందుతూ విశ్రాంతి తీసుకుంటున్న చోటు నుంచి. తానెంత పెద్ద అబద్ధాలకోరో తానే ముందుగా చెప్పేస్తాడు. అలాంటివాడు ‘అందరూ బూటకం’ అన్నప్పుడు ఆ మాట లోకానికి ఇచ్చిన తీర్పుగా నమ్మనక్కరలేదు. ఆ తరువాత ఏం జరిగిందో చూడాలి. ఫలహారశాలలో కనిపించిన ఇద్దరు క్రైస్తవ సన్యాసినులకు పది డాలర్లు విరాళం ఇచ్చి, ఇంకా ఎక్కువ ఇచ్చి ఉండవలసింది అనుకుంటాడు. చెల్లెలు ఫీబీ కోసం కొన్న గ్రామఫోను రికార్డు చేతిలోంచి జారి పగిలిపోతే, ఆ ముక్కలనే కోటు జేబులో వేసుకుని తీసుకెళతాడు. ఆ పదేళ్ల పిల్ల ఆ ముక్కలు కూడా ఇమ్మని అడిగి దాచుకుంటుంది. సెంట్రల్ పార్కు చెరువు గడ్డకట్టినప్పుడు అందులోని బాతులు ఎక్కడికి పోతాయని టాక్సీ డ్రైవర్లను అడుగుతాడు. నన్నడిగితే ఆ నవలలో తిట్లకన్నా ఈ ప్రశ్నే పెద్దది. చలికాలంలో దిక్కులేని వాటిని ఎవరైనా వచ్చి తీసుకెళతారా అని అడుగుతున్నాడు. డ్రైవర్లు విసుక్కుంటారు. మనమూ విసుక్కుంటాము.

అయితే అతను చేసిన తప్పులను మాఫీ చేయమని నేను అనడం లేదు. దుఃఖం ఉన్నంత మాత్రాన అన్నీ చెల్లవు. శాలీ హేస్ అనే అమ్మాయిని పనిగట్టుకుని బయటకు తీసుకెళ్లి, తనతో పాటు ఎక్కడికో పారిపోయి రమ్మని అడిగి, ఆ పిల్ల సబబుగానే కాదంటే, ఏడ్చేటంత మాట అంటాడు. అది క్రూరత్వమే. శాలీ తరఫున కోపం తెచ్చుకోవడానికి మీకు హక్కుంది. ఆ కోపాన్ని ఆ ఒక్క పని మీద ఉంచండి, మనిషంతటి మీదకూ పాకనివ్వకండి. ‘ఈ పని చెడ్డది’ అనడానికీ, ‘వీడు పనికిమాలినవాడు’ అనడానికీ మధ్య ఉన్న దూరాన్ని పాటించగలగడమే పెద్ద పాఠకుల పని.

ఇక సీతారామారావు. ఇక్కడ నా సమాధానం మరోలా ఉంటుంది, ఎందుకంటే రెండు నవలలనూ ఒకే తూకపురాయితో తూచకూడదు. గోపీచంద్ 1940లలో రాసిన ఈ నవల తెలుగులో మనోవిశ్లేషణాత్మక నవలలకు దారి చూపిన వాటిలో ముఖ్యమైనది. తండ్రి చనిపోతూ వంశ ప్రతిష్ఠ నిలబెట్టమని మాట తీసుకుంటాడు. ఆ మాటను మోసే బలం సీతారామారావుకు లేదు, దించుకునే ధైర్యమూ లేదు. అడిగినవాడికల్లా ఇచ్చి ఆస్తి పోగొట్టుకుంటాడు. ఆస్తి పోయాక సాయం చేసినవాళ్లను ద్వేషిస్తాడు. తన ప్రతి పనికీ ఒక తర్కం నిర్మించుకుంటాడు. చివరకు శ్మశానం దాకా వెళ్లి, తనను తానే నాశనం చేసుకుంటాడు. డిగ్రీలో మీరు కార్చిన కన్నీళ్లు వృథా కాదు. ఒక తండ్రి చివరి మాట కొడుకు మెడకు ఎలా చుట్టుకుంటుందో మీకు ఆ వయసులోనే అర్థమైంది, చాలామందికి ముసలితనం వచ్చినా అర్థం కాదు. అయితే సీతారామారావు పదహారేళ్ల పిల్లవాడు కాడు. పెళ్లయినవాడు, బిడ్డకు తండ్రి. అతని మథనానికి రోజూ వెల చెల్లించేది అతని భార్య ఇందిర. డిగ్రీ చదివే రోజుల్లో మనం అతని బుర్రలోనే కాపురముంటాము. అక్కడ గొప్ప ఆలోచనలు సాగుతుంటాయి, ఇందిర తలుపు దగ్గర నిలబడ్డ నీడలా కనిపిస్తుంది. ఇల్లు నడిపి, నెలాఖరులో బియ్యం లెక్క చూసుకున్నాక చదివితే ఆ నీడకు ముఖం వస్తుంది. మీరు సగంలో మూసేశారంటే మనసు బండబారి కాదు, ఈసారి గదిలో ఇంకొక మనిషి కూడా ఉన్నదని గమనించారు గనుక.

కానీ సగంలో ఆపకండి. అసమర్థుడని పేరు పెట్టింది రచయితే. గోపీచంద్ అతన్ని మెచ్చమని అడగలేదు, దాచిపెట్టనూ లేదు. అతని వాదనలన్నిటినీ చివరిదాకా విననిచ్చి, అవి అతన్ని ఎక్కడికి చేర్చాయో చూపించాడు. అర్థం చేసుకోవడం వేరు, క్షమించడం వేరు. ఆ రెండింటినీ కలగలిపేసినందువల్లనే చదువుకున్న వయసులో మనం అతనికి అంత సులభంగా విడుదల ఇచ్చేశాము. ఇప్పుడు అర్థం చేసుకుంటూనే క్షమించకుండా చదవడం మీకు సాధ్యమవుతుంది. చివరి అధ్యాయాలు చదివేటప్పుడు ఇందిర ఆ పూట ఏం చేస్తూ ఉంటుందో మీరే ఊహించుకుంటూ చదవండి. ఆ నవల నాకు అలా చదివినప్పుడే పూర్తిగా కనిపించింది.

మన ఊరి సంగతి కూడా ఒకటి చెప్పాలి. విశాఖపట్నంలో వకీలుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు 1950ల తొలినాళ్లలో ‘అల్పజీవి’ రాశారు. అందులో సుబ్బయ్య గుమాస్తా. అందరికీ భయపడతాడు, భార్యకు భయపడతాడు, బావమరిదికి భయపడతాడు, కాంట్రాక్టరు గవరయ్యకు భయపడతాడు. కళాశాల విద్యార్థులకు ఈ నవల ఇచ్చినప్పుడల్లా వాళ్లు సుబ్బయ్యను చూసి నవ్వడం, లేదా ‘ఇంత పిరికివాడా’ అని చీదరించుకోవడం చూశాను. ఆ విద్యార్థుల్లో ఒకామె పదిహేనేళ్ల తరువాత సిరిపురం కూడలిలో ఎదురైంది. అప్పటికి ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తోంది. పలకరింపులు కాగానే, ‘మేడం, సుబ్బయ్యను అప్పుడు నవ్వాను గానీ, పై అధికారి గది తలుపు తోసే ముందు నా చెయ్యి కూడా ఒక్క క్షణం ఆగుతోంది’ అంది. ఆమె ఆ పుస్తకాన్ని మళ్లీ చదవనేలేదు. చదవకుండానే తీర్పు మార్చుకుంది. మీరు గోపీచంద్‌ను పూర్తి చేశాక ఈ నవల దొరికితే చదవండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్లినప్పుడు అడిగి చూడండి. హోల్డెన్‌ది నోరు, సీతారామారావుది తర్కం, సుబ్బయ్యది మౌనం. ముగ్గురి లోపలా ఉన్నది భయమే అయినా, అది ఎవరి మీద పడుతోందన్నది మాత్రం ముగ్గురిలో మూడు రకాలు.

మీ మొదటి ప్రశ్నకు నేరుగా చెబుతాను: మీ అప్పటి ఇష్టం తెలివితక్కువతనం కాదు. 1999లో ఆ గీతలు గీసిన అమ్మాయికి తన తరఫున మాట్లాడే గొంతు ఒకటి అవసరమైంది, దొరికిన చోట పట్టుకుంది. ఆ గీతలను చెరపకండి. ఆ రోజుల్లో మీరు దేనితో పోట్లాడుతున్నారో ఇప్పుడు మీకు ఒక్కొక్క గీతా గుర్తుచేయగలదు. అది మీ అబ్బాయితో మాట్లాడడానికి పనికొస్తుంది. రెండో ప్రశ్నకు సమాధానం పైన చెప్పేశాను.

మూడోది పుస్తకం అతని చేతికి అందనివ్వడం గురించి. ఈ భయం మీ ఒక్కరిదే కాదు. 1951లో వెలువడిన ఈ నవల అమెరికా ఉన్నత పాఠశాలల్లో దశాబ్దాలుగా పాఠ్యగ్రంథం. అంతే కాలంగా అక్కడి తల్లిదండ్రులు వద్దని గొడవపడిన పుస్తకం కూడా. 1960లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో పదకొండో తరగతి పిల్లలకు దీన్ని పాఠంగా చెప్పినందుకు ఒక ఉపాధ్యాయురాలిని ఉద్యోగం నుంచి తీసేశారు. ఆమె అప్పీలు చేసుకుని ఉద్యోగం తిరిగి తెచ్చుకుంది గానీ, పుస్తకాన్ని మాత్రం పాఠ్యాంశాల నుంచి తొలగించారు. ఆ తల్లిదండ్రుల అభ్యంతరం బూతు మాటల మీద. నేనైతే తల్లిగా చూడవలసింది ఆ మాటలను కాదంటాను. హోల్డెన్ రెండు మూడు చోట్ల చచ్చిపోతే బాగుండుననిపించిందని అంటాడు. ఒకచోట హోటలు కిటికీలోంచి దూకాలనిపించిందంటాడు. పూర్వం చదివిన బడిలో తోటి విద్యార్థి ఒకడు కిటికీలోంచి దూకి చనిపోయాడనీ, ఆ సమయంలో ఒంటి మీద ఉన్నది తాను ఎరువిచ్చిన స్వెటరేననీ చెబుతాడు. మీ అబ్బాయి ఆ పుస్తకంలో తన మాట విన్నానంటున్నాడు గనుక, అతను విన్నది తిట్లనా, లేక వీటినా అన్నది మీరు తెలుసుకోవాలి. పుస్తకం లాక్కుంటే అది తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

కనుక ముందు మీరు అన్న మాటను వెనక్కు తీసుకోండి. సంజాయిషీ పొడుగు చేయకండి. ‘ఆ రోజు నేను అన్నది నీ గురించి కాదు, నా భయం అలా మాట్లాడించింది’ అంటే చాలు. తరువాత హాస్టలు గురించి అడగకండి, అడిగి అడిగి మీరు అలసిపోయిన ప్రశ్న అది. బాతుల గురించి అడగండి. ‘ఆ పిల్లవాడు బాతులు ఎక్కడికి పోతాయని ఎందుకు అన్నిసార్లు అడిగాడంటావు?’ అనండి. మీకు సమాధానం తెలిసినట్టు అడగవద్దు. లేదా అయిదో అధ్యాయం దగ్గర మీ ప్రతిలో గీత లేదని చూపించి, ‘నేను ఇది అప్పుడు చూడలేదు, నువ్వు చూశావా?’ అనండి. తల్లి తాను చూడలేకపోయినదాన్ని కొడుకు ముందు ఒప్పుకోవడం మన ఇళ్లలో అరుదు. పదిహేడేళ్లవాడికి అది పెద్ద గౌరవం. ఇద్దరూ ఒకేచోట కూర్చునే అవసరం కూడా లేదు. మా ఇంట్లో ఇలాంటి మాటలు వంటింట్లో నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నప్పుడే జరిగేవి. ఎదురెదురుగా చూసుకోకుండా ఉంటే పిల్లలకు మాట తేలికగా వస్తుంది.

అతను హోల్డెన్‌ను వెనకేసుకొస్తే ఖండించకండి. శాలీ హేస్ సంగతి మీకు బాధ కలిగించిందని మీరు చెప్పవచ్చు. అది మీ చదువు, అతని చదువు అతనిది. ఆ కుర్రవాడు చివరి పేజీలో, ఇంత కథ చెప్పాక, తాను తిట్టిన వాళ్లందరూ ఇప్పుడు గుర్తొస్తున్నారనీ, వాళ్లు లేకపోవడం వెలితిగా ఉందనీ అంటాడు. మీ అబ్బాయి ఆ పేజీని ఎలా చదివాడో వినాలని నాకు కూడా కోరికగా ఉంది.

ఒక విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. నిద్ర తగ్గడం, తిండి తగ్గడం, స్నేహితులను పూర్తిగా వదిలేయడం, తాను ఉన్నా లేకపోయినా ఒకటేనన్న మాటలు రావడం, ఇవి కనిపిస్తే అది నవల గురించిన చర్చ కాదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా, మెత్తగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. మానసిక బాధలో ఉన్నవాళ్లకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ ఉంది; దాని 14416 నంబరుకు రోజులో ఏ వేళైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడానికి మొహమాటపడే కుటుంబాలు మన ఊళ్లో ఇంకా చాలా ఉన్నాయి. మీరు అలా మొహమాటపడవద్దు. హోల్డెన్‌కు కూడా, ఆ రాత్రి అద్దాలు పగలగొట్టినప్పుడే మానసిక వైద్యుడికి చూపిద్దామని తల్లిదండ్రులు అనుకున్నారని నవలలో ఉంది. ఆ తరువాత పుస్తకంలో మనం చూసేది మాత్రం, బడి తరువాత బడి మారిన పిల్లవాడినే.

ఈ ఆదివారం పుస్తకం తీసి చూడండి. తడిసి ఉబ్బింది గనుక పేజీలు మెల్లగా విడదీయండి. అయిదో అధ్యాయం చదివాక, పక్కనే ఒక పెన్సిలు పెట్టి, అబ్బాయి చదువుకునే బల్ల మీద ఉంచండి. రెండు మూడు రోజుల దాకా అతను ముట్టుకోకపోయినా అక్కడి నుంచి తీసేయకండి, అటక మీదకు మాత్రం మళ్లీ ఎక్కించకండి.